ఫింటన్ ఎందుకు పరిగెత్తలేదు

మా తమ్ముడు ఏసుపాదానికి రెండు పుట్టినరోజులు. ఒకటి దేవుడిచ్చింది, రెండోది మా ఊరి ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు గారిచ్చింది. దేవుడిచ్చింది యాభై తొమ్మిది డిసెంబరులో, ఊరంతా వరి మాసూళ్ళలో మునిగి ఉన్నప్పుడు. హెడ్మాస్టరు గారిచ్చింది అరవై జూలై ఒకటి. ఆయన తన బడిలో చేరిన పిల్లలందరికీ జూలై ఒకటే వేసేవారు. అమెరికావాడెవడైనా ఆ రిజిస్టరు తిరగేస్తే మా ఊరి ఆడవాళ్ళంతా కూడబలుక్కుని ఒకే రోజున కన్నారనుకుంటాడు. వయసు కాస్త తగ్గించి వేయడం కూడా ప్రేమతో చేసిన పనే. రేపు ఉద్యోగాల వేళకి ఆ కాస్తా కలిసొస్తుందని అప్పట్లో పల్లెటూరి బళ్ళన్నిట్లో చేసేదే.

ఆయన చేసిన ఆ మేలు 1980 ఎండాకాలంలో, ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్‌లో మా మెడకు చుట్టుకుంది.

అప్పటికి నేను నర్సుగా ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు. సిటిజెన్‌ని అయి మూడేళ్ళు. ముందు అమ్మనీ, తర్వాత తమ్ముణ్ణీ రప్పించుకున్నాను. రైల్వేస్టేషన్‌కి రెండు వీధుల అవతల, నోరా డెవేన్ అనే ఐరిష్ ఆవిడ ఇంట్లో మేడ మీద అద్దెకుండేవాళ్ళం. ఏసుపాదం రోజూ రైలెక్కి చికాగోలో కాలేజీకి వెళ్ళొచ్చేవాడు. గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు.

జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం అన్నాలు తింటుంటే టీవీలో చెప్పారు. ఇరాన్‌లో అమెరికావాళ్ళు బందీలుగా ఉన్నారు, ఆఫ్ఘనిస్తాన్‌లోకి రష్యావాళ్ళు దిగారు, అందుకని మగపిల్లలందరి పేర్లూ సైన్యం లిస్టులో రాయించాలని చట్టం వస్తోంది. సిటిజెన్లయినా సరే, గ్రీన్‌కార్డు వాళ్ళయినా సరే. అరవైలో పుట్టినవాళ్ళు, అరవై ఒకటిలో పుట్టినవాళ్ళు జూలై నెలలో పోస్టాఫీసుకి వెళ్ళాలి. నేను తెలుగులో చెప్పేదాకా అమ్మ ముద్ద చేత్తో పట్టుకుని కూర్చుంది.

"యాభై తొమ్మిదిలో పుట్టినోళ్ళు?" అని అడిగింది.

"వాళ్ళకి అక్కర్లేదు."

"మరింకేంది? మనోడు యాభై తొమ్మిదేగా! కన్నదాన్ని నేను గదా, నాకు తెలవదా?"

"కాగితాల్లో అరవై అని ఉందమ్మా."

"కాయితాలు కన్నయ్యా ఏందే వాణ్ణి?"

ఏసుపాదం నవ్వాడు. వాడికి అన్నీ నవ్వులాటే. "అమ్మా, జస్ట్ పేరు రాయించుకోవడమే. వార్ లేదు, గీర్ లేదు. పోస్టాఫీస్‌లో కార్డ్ ఫిల్ చేసి వచ్చేస్తా."

"మీ నాయన గూడా ఆస్పత్రికి జస్ట్ ఎళ్ళొస్తాననే పోయాడు," అంది అమ్మ.

అమ్మకి దారి అప్పటికే తోచింది. మా ఊరి లూథరన్ గుడిలో బాప్తిస్మాల రిజిస్టరుంది. ఏ బిడ్డ ఏ రోజు పుట్టిందో, ఏ పాస్టరుగారు నీళ్ళు పోశారో అందులో రాసి ఉంటుంది. దానికి హెడ్మాస్టరు గారితో పనిలేదు. "పాస్టరు గారికి ఉత్తరం రాయి. సర్టిపికెట్టు పంపుతాడు. అది ఈళ్ళ మొగాన చూపిద్దాం," అంది.

రాశాను. రాసిన ఉత్తరాన్ని నాలుగు రోజులపాటు నా హ్యాండ్‌బ్యాగులో తిప్పాను. ఎందుకో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, అయినా చెప్పాలి. వాడి గ్రీన్‌కార్డు కాగితాల్లో పుట్టిన తేదీ అరవై జూలై ఒకటి అని నింపి, ఇది నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టింది నేనే. అసలు తేదీ వేరే ఉందని తెలిసే పెట్టాను. స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్నది రాస్తే తప్పేముందిలే అనుకున్నాను. ఇప్పుడు గుడి కాగితం బయటపెడితే, మరి అప్పుడు నువ్వు చేసిన ప్రమాణం ఏమిటని నన్నే అడుగుతారు. సిటిజెన్‌షిప్ తీసేస్తారా, నర్సు లైసెన్సు పీకేస్తారా, ముగ్గుర్నీ విమానం ఎక్కిస్తారా? తెలియదు. ఎవర్నైనా అడగాలన్నా భయమే. కనుక ఇంట్లో మాత్రం పెద్దరికంగా, "వాడన్నది నిజమేనమ్మా, వట్టి కార్డే కదా, యుద్ధం ఎక్కడొచ్చింది?" అంటూ వచ్చాను. ఐదోనాడు అమ్మ నా బ్యాగులో మందుబిళ్ళ కోసం వెతుకుతుందేమోనని హడలిపోయి ఉత్తరం పోస్టు చేశాను.

మా ఇంటావిడ నోరాకి అప్పుడు నలభై రెండేళ్ళు. స్కూలు వంటశాలలో పనిచేసేది. వేసవి సెలవుల్లో ఇంటిపట్టునే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడా, మా అమ్మా వెనక వసారాలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తూ, ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారు. మాట అర్థమయ్యేవాళ్ళతో అమ్మ అంత ఓపిగ్గా మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు. ఏసుపాదమంటే నోరాకి భలే ఇష్టం. ఆ పేరు నోరు తిరక్క ప్యాడీ అనేది. వాడూ పలికేవాడు.

జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం నోరా నన్నూ అమ్మనీ తన ముందుగదిలోకి పిలిచింది. గోడమీద సైనికుడి ఫొటో ఒకటి మేము ఎన్నోసార్లు చూసిందే. ఎర్రటి జుట్టు, పెద్ద చెవులు, భుజం మీద పసుపుపచ్చ గుడ్డముక్క, దానిమీద నల్లటి గుర్రం తలకాయ. అది చూసి అతను గుర్రప్పోలీసేమోనని అమ్మ అనుకుంది. నోరా ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

"వీడు నా తమ్ముడు ఫింటన్. ప్యాడీ పేరు లిస్టులోకి ఎక్కుతుందని విన్నాను. అందుకని చెబుతున్నాను," అంది.

ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే అమ్మకి నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఇన్నేళ్ళ తర్వాత నాకు గుర్తున్నది నా తెలుగే.

ఐర్లండ్‌లో మేయో అనే జిల్లా. ఏడెకరాల రాళ్ళనేల, ఒక ఆడగుర్రం. ఫింటన్ చిన్నప్పట్నుంచి దాని మెడపట్టుకుని పెరిగినవాడు. అక్క ముందు చికాగో వచ్చింది, పంతొమ్మిదో ఏట వాడొచ్చాడు. హోటల్లో పెట్టెలు మోసే పని. వచ్చిన వారానికే, హోటల్లో దిగిన ఎవరిదో కారుకి ఆనుకుని ఫొటో తీయించుకుని ఇంటికి పంపాడట. ఇది చెప్పగానే అమ్మ పకపకా నవ్వింది. "మన సొలోమోను కొడుకు గూడా హైదరాబాదు పోయి అదే పని చేశాడు! వాళ్ళమ్మ ఊరంతా తిప్పింది ఆ పొటో," అంది. నేను నోరాకి చెబితే ఆవిడా నవ్వింది.

రెండేళ్ళు తిరక్కుండా సైన్యం నుంచి పిలుపు. సిటిజెన్‌ని కాను కదా అంటే, గ్రీన్‌కార్డు చాలన్నారు. అశ్వికదళంలో వేశారని తెలిసి ఎగిరి గంతేశాడట. "అమ్మయ్య నోరా, నాకొచ్చిన పనే ఇచ్చారు," అన్నాడట. తీరా వెళ్ళి చూస్తే ఆ దళంలో భుజంమీద గుడ్డముక్కపైన తప్ప ఇంకెక్కడా గుర్రం లేదు. ఎక్కించింది హెలికాప్టరు. వియత్నాం నుంచి రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఇంటి దగ్గర గుర్రం ఎలా ఉందని అడిగేవాడు. అక్కడి గేదెలు సైనికుల్ని చూస్తే కొమ్ములు విసిరేవట. తననొక గేదె దగ్గరికి రానిచ్చిందని, దాని నుదురు గోకానని ఒక ఉత్తరమంతా అదే రాశాడు.

"గేదె ఊరికే రానియ్యదు. మంచోడన్నమాట," అంది అమ్మ.

అరవై ఏడు ఫిబ్రవరిలో పోయాడు. ఇరవై రెండేళ్ళు. సముద్రం పక్కన జిల్లా. హెలికాప్టరు వీళ్ళని ఒక పొలంలో దింపింది. అవతల కొబ్బరిచెట్లలోంచి తుపాకులు పేలాయి. తోటి సైనికుడొకడు నోరాకి ఉత్తరం రాశాడు. ఆవిడ దాన్ని చదివి వినిపించింది, కానీ కాగితం వైపు చూడనేలేదు. మిగిలినవాళ్ళం గట్టు దగ్గర దిగాం కాబట్టి గట్టు చాటున పడుకున్నాం, ఫింటన్ రెండో వైపునుంచి చేను మధ్యలో దిగాడు, మర తుపాకీ గుళ్ళ పెట్టెలు రెండు చేతుల్లో ఉన్నాయి, పరిగెత్తు పరిగెత్తు అని అందరం అరిచాం, అతను మాత్రం నెమ్మదిగా నడుస్తూ వచ్చాడు, ఆదివారం షికారుకి వచ్చినవాడిలాగా. చాలా ధైర్యవంతుడు. ఇదీ ఉత్తరం.

"ధైర్యమట," అంది నోరా. "మా ఊళ్ళో పరుగుపందెంలో వాణ్ణి మించినవాడు లేడు. పదమూడేళ్ళ నుంచి ఆలోచిస్తున్నాను. ఎందుకు పరిగెత్తలేదు? వాడికి బతకాలని లేకపోయిందా? అక్కడికి వెళ్ళి నిండా ఏడాది కాలేదు. అంత విసుగు ఎందుకొచ్చింది?"

నేను ఆ ప్రశ్న అమ్మకి చెప్పాను. అమ్మ దానికి జవాబివ్వకుండా ఇంకేదో అడిగింది. "ఏం పైరంట ఆ చేలో?"

"వరి అని రాశాడు," అంది నోరా.

"నాట్లేసి ఎన్నాళ్ళయింది? నీళ్ళున్నయ్యా?"

నోరాకి తెలియలేదు. ఉత్తరంలో మళ్ళీ వెతికితే, మోకాళ్ళదాకా తడిసిపోయాం అని ఒక చోట ఉంది. అమ్మ అంతటితో లేచి పైకి వచ్చేసింది. నాకు కోపం వచ్చింది. ఏడవాల్సిన చోట ఏడవకుండా పైరు సంగతులేమిటని మేడమెట్ల మీద విసుక్కున్నాను కూడా.

"నీకేం తెలుసే, నువ్వు చదువుకున్నదానివి," అంది అమ్మ.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి తయారవుతుంటే పెరట్లో నీళ్ళ చప్పుడు. కిటికీలోంచి చూస్తే, గోంగూర కోసం రెండు పారల లోతున తవ్వించుకున్న మడిలోకి నోరా వాళ్ళ రబ్బరు గొట్టం పెట్టింది అమ్మ. చీర మోకాళ్ళపైకి దోపుకుని మడిలో దిగి తొక్కుతోంది. ఇల్లినాయ్ మట్టి నల్లగా, జిగటగా మా రేగడి నేలకి చుట్టమల్లే ఉంటుంది. గంటసేపు తొక్కేసరికి అది అచ్చం దమ్ము చేసిన చేను ముక్కలా తయారైంది. ఇక నోరాని పిలుచుకు రమ్మంది.

నోరా తోటపనికి వేసుకునే పొడుగు రబ్బరు బూట్లతో వచ్చింది. అమ్మ రెండు బకెట్లనిండా నీళ్ళు పట్టి ఆవిడ రెండు చేతులకీ ఇచ్చింది. మడిలోకి దిగమని సైగ చేసింది. దిగింది. పిక్కలదాకా దిగబడింది.

"ఇప్పుడు పరిగెత్తమను," అంది నాతో.

నేను చెప్పాను. నోరా మా ఇద్దరివైపూ చూసి కాలు ఎత్తబోయింది. రాలేదు. గట్టిగా లాగింది. కాలొచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. బకెట్టు ఒరిగి నీళ్ళు మీద పోసుకుంది. బకెట్లు పక్కన పడేసి, రెండో బూటు కూడా వదిలేసి, వట్టి కాళ్ళతో మళ్ళీ ప్రయత్నించింది. ఒక అడుగు, ఇంకో అడుగు. నాలుగో అడుగుకి ఆయాసం వచ్చి నిలబడిపోయింది. మడి మొత్తం పది అడుగులుండదు.

అమ్మ దిగి చూపించింది. ముందు మడమ లేపాలి. వేళ్ళు కిందికి వంచి పాదాన్ని మెల్లిగా జార్చుకోవాలి. ఆవిడ అటూ ఇటూ నడుస్తుంటే బురద చప్పుడన్నా చేయలేదు. "నాకు పన్నెండో యేట నుంచీ ఇదే పని. అయినా నాట్లేసిన చేలో నేను గూడా పరిగెత్తలేను. బైబిల్లో పేతురు నీళ్ళమీదన్నా నాలుగడుగులేశాడు గాని దమ్ములో ఏయలేడు. బూట్లేసుకుని, రెండు చేతులా బరువెట్టుకుని, రాళ్ళనేలలో పెరిగిన బిడ్డ. ఆడికెవరు నేర్పారు?"

నేను మాటకి మాట చెప్పాను. నోరా బురదలో అలాగే నిలబడి తన కాళ్ళవైపు చూసుకుంది.

"అంటే వాడు పరిగెడుతూనే ఉన్నాడు," అంది.

అవునని అమ్మకి ఎలా అర్థమైందో, తలూపింది. ఆ తర్వాత ఇద్దరూ కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. నేను డ్యూటీకి అరగంట ఆలస్యంగా వెళ్ళి సూపర్‌వైజరు చేత చీవాట్లు తిన్నాను. చీవాట్లు తింటున్నా కళ్ళముందు ఆ మడే ఉంది.

జూలై పదిహేనున పాస్టరు గారి సర్టిఫికెట్ వచ్చింది. గుడి ముద్ర, పాస్టరు సంతకం. ఏసుపాదం, జననం 11-12-1959. అమ్మ దాన్ని బైబిల్లో పెట్టి, గంటకోసారి తీసి చూసుకుని, నోరాకి కూడా చూపించి వచ్చింది. కాగితాల్లో అరవైలో పుట్టినవాళ్ళు ఏయే రోజు వెళ్ళాలో పేపర్లో వేశారు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలవాళ్ళకి ఇరవై మూడో తారీఖు బుధవారం. ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆ శనివారం నేను బట్టలు ఉతకడానికి కింద బేస్‌మెంట్‌లోకి వెళ్ళాను. నోరా వచ్చి ఆరిన దుప్పటి ఒక కొస పట్టుకుంది. నేను రెండో కొస పట్టుకున్నాను.

"నీకొకటి చెప్పాలి రూత్. మీ అమ్మకి చెప్పొద్దు," అంది. "ఫింటన్‌కి పిలుపొచ్చినప్పుడు నేను మా చర్చి ఫాదర్‌ని అడిగాను. ఆయన ఎవరినో కనుక్కుని చెప్పారు. కుర్రాడు టికెట్ కొనుక్కుని ఐర్లండ్ వెళ్ళిపోతే ఎవరూ ఆపరు, కాకపోతే మళ్ళీ ఈ దేశంలో కాలు పెట్టనివ్వరు అని. నేను ఆ సంగతి వాడికి చెప్పలేదు."

దుప్పటి మడవడం ఆగిపోయింది.

"ఎందుకని అడగవేం? అడిగినా పెద్ద కారణం ఏమీ లేదు. వాడు వెళ్ళిపోతే నేనొక్కదాన్నే అవుతాను. ఒంటరిగా ఉండాలంటే నాకు భయం. రెండేళ్ళే కదా, ఇట్టే తిరిగిపోతాయన్నాను వాడితో. నవ్వుతూ అన్నాను. వాడు నా మాట నమ్మి వెళ్ళాడు. ఎందుకు పరిగెత్తలేదా అని పదమూడేళ్ళు వాడి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. అది తేలిపోయింది. ఇప్పుడిక నా గురించి ఆలోచించక తప్పడం లేదు."

నేను మళ్ళీ దుప్పటి మడత అందుకున్నాను.

"ప్యాడీ ఆ కాగితం చూపిస్తాడుగా?" అని అడిగింది.

"చూపిస్తాడు," అన్నాను. దుప్పటి మడతపెట్టి ఆవిడ చేతికిచ్చాను. పైకి వచ్చి బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను. ఆవిడ కోసం కాదు. వట్టి కార్డే కదా అని ఇన్నాళ్ళూ నేను అంటున్నదీ, రెండేళ్ళే కదా అని ఆవిడ అన్నదీ ఒకే మాట. ఆవిడకి ఒంటరితనం భయం, నాకు నా సంతకం భయం. నవ్వుతూ అనడం కూడా ఒకటే.

తమ్ముడితో చెప్పేయాలనుకున్నాను. ఆదివారం తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకి వెళ్ళొస్తూ చెబుదామనుకున్నాను, కార్లో అమ్మ ఉంది. సోమవారం నాకు డబుల్ డ్యూటీ. మంగళవారం వాడు స్నేహితుడి ఇంటి నుంచి వచ్చేసరికి నేను మంచమెక్కి కళ్ళు మూసుకున్నాను. నిద్రపోలేదు, మూసుకున్నాను. కుంటిసాకులకి లోటేముంది.

బుధవారం సెలవు పెట్టాను. ఎనిమిదిన్నరకి లేచి చూసేసరికి వాడు లేడు. "కాయితం జేబులో పెట్టుకుని ఎళ్ళాడు. పార్థన చేసి పంపించా," అంది అమ్మ దోసె తిరగేస్తూ. నేను చెప్పులేసుకుని కారు తీశాను. వాడు ఆ కాగితం చూపించకముందే చేరి ఆపాలనుకున్నానో, చూపించమని చెప్పడానికి వెళ్ళానో, దారిలో నా మనసు ఎటు లాగిందో ఈ రోజుకీ ఖచ్చితంగా చెప్పలేను.

పోస్టాఫీసు ముందు పెద్ద హడావిడేమీ లేదు. పదిమంది కుర్రాళ్ళు వరసలో ఉన్నారు. యుద్ధం వద్దని అట్టలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు చెట్టునీడన నిలబడ్డారు. నేను కారు ఆపుతుండగానే ఏసుపాదం బయటికి వచ్చాడు. నన్ను చూసి ఆశ్చర్యపోకుండా తలుపు తీసుకుని పక్కసీట్లో కూర్చున్నాడు.

"ఐపోయిందక్కా. ఫైవ్ మినిట్స్. క్లర్క్ స్టాంపేసి నెక్స్ట్ అన్నాడు."

"కాగితం?"

జేబులోంచి తీసి చూపించాడు. మడత విప్పలేదు. "జూలై ఒకటి అనే రాశాను."

"ఎందుకురా?" అన్నాను. "నీకొకటి చెప్పాలి. నేను..."

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"కాలేజీలో ఫారిన్ స్టూడెంట్స్ ఆఫీస్‌లో జూన్‌లోనే అడిగాను. డేటాఫ్ బర్త్ చేంజ్ చేయాలంటే ఫైల్ మొత్తం ఓపెన్ చేస్తారంట. దానిమీద సైన్ నీది కదా. నువ్వు ఉత్తరం నాలుగు రోజులు పోస్ట్ చేయకుండా తిరిగినప్పుడే నాకు అర్థమైంది. పెన్ కోసం నీ బ్యాగ్ తీశాను."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నెలన్నరపాటు నేనా పిల్లిని. వాడు రోజూ అదే బల్ల మీద నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"అంటే ఈ డేట్‌తో నువ్వు వెళ్ళనివ్వవు. వద్దన్నాక వెళ్తే బాగోదు," అన్నాడు. అక్క వెళ్ళనివ్వదని వాడికి అంత నమ్మకం. నిజంగా ఆపి ఉండేదాన్నా? స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చాను. వాడు కిటికీ అద్దం దించి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ దించాడు. "అమ్మకి మాత్రం చూపించానని చెప్తా. నువ్వు మధ్యలో మాట్లాడకు," అన్నాడు చివరికి.

అలాగే చెప్పాడు. చూపించాను, సరే వెళ్ళమన్నారు అని. అమ్మ అక్కడికక్కడే మోకరించింది. పాస్టరు గారికి, గుడి రిజిస్టరుకి, నలభై ఏళ్ళ కిందట దాన్ని మొదలుపెట్టిన మిషనరీ దొరగారికి కూడా స్తోత్రాలు చెప్పింది. ఆ మధ్యాహ్నం కోడికూర వండింది. నేను తిన్నాను. తినకపోతే అడుగుతుంది.

ఆ లిస్టులోంచి ఎవరినీ పిలవలేదు. అది ఇప్పుడు తెలుసు. ఆ వేసవిలో ఎవరికీ తెలియదు. తర్వాత ఐదారేళ్ళపాటు టీవీలో ఏ దేశం పేరు కొత్తగా వినిపించినా నా చేతిలో పని ఆగిపోయేది.

ఆ సాయంత్రం నోరా ముందు మెట్లమీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ దగ్గర దాచడం నావల్ల కాలేదు. సంతకం సంగతి, ఉత్తరం సంగతి, వాడు కాగితం విప్పకుండా తిరిగొచ్చిన సంగతి అంతా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"వాడికి ముందే తెలుసా?" అని అడిగింది.

"జూన్ నుంచీ తెలుసట."

"తెలిసీ వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

వీధిలో ఎవరో పచ్చిక కోస్తున్న యంత్రం ఆగింది, మళ్ళీ మొదలైంది. నోరా ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. మా తమ్ముడు తనకి కావలసింది తనే కనుక్కున్నాడు, మరి ఆ ఫాదర్ ఉన్న చర్చికే ప్రతి ఆదివారం వెళ్ళిన ఫింటన్‌కి ఐర్లండ్ వెళ్ళిపోవచ్చన్న సంగతి తెలియకుండా ఉంటుందా? అక్క నవ్వుతూ రెండేళ్ళే కదా అన్నప్పుడు ఆ ముఖంలోకి వాడు చూసి ఉండడా?

"అయితే మా వాడికీ తెలిసే ఉంటుంది," అంది ఆవిడ.

ఉండొచ్చన్నాను.

"అది మంచిదంటావా రూత్, ఇంకా చెడ్డదంటావా?"

ఆస్పత్రిలో రోగుల చుట్టాలు రోజూ అడిగే ప్రశ్నే. దానికి మాకు నేర్పిన జవాబులున్నాయి. అవి పక్కనపెట్టి తెలియదన్నాను.

ఆవిడ తలూపింది. కొంచెం పక్కకి జరిగి మెట్టుమీద నాకు చోటిచ్చింది.